కొంగు చాపి అడిగిన బిడ్డ

మా తోటికోడలికి కవల ఆడపిల్లలు పుట్టారు. నాకు పిల్లలు లేరు. నామకరణం నాడు మా అత్త ఊయల తొట్టిలోంచి చిన్నదాన్ని ఎత్తి, "ఇది నీది" అంటూ నా ఒడిలో పెట్టింది. పాలు మానగానే బిడ్డ ధర్మవరంలో మా ఇంటికి వచ్చేసింది. మగ్గం చప్పుడు వింటూనే నిద్రపోయేది. స్వామి చల్లగా చూశాడని రోజూ దీపం పెట్టి దండం పెట్టుకునేదాన్ని.

బడిలో వేసే వయసు వచ్చాక, దత్తత రిజిస్టరు చేయించుకుందామని, నేను మొక్కే స్వామి ఊరని అందరం కదిరి వెళ్లాం. గోరంట్ల నుంచి తోటికోడలు, మరిది వచ్చారు. మగవాళ్లిద్దరూ సరేనన్నారు. రిజిస్ట్రారమ్మ మా తోటికోడలి వైపు తిరిగింది.

"ఏమమ్మా, బిడ్డను ఇచ్చేది నీకు ఇష్టమేనా?"

మా అత్త అందుకుంది. "నామకరణం నాడే నేను ఇచ్చేసినా మేడమ్. ఇంకేం అడిగేది ఉండాది?"

"ఇచ్చేది నువ్వు కాదవ్వా. కన్నతల్లి చెప్పల్ల. ఆమె ఒద్దంటే ఈడ పని జరగదు."

తోటికోడలు తల వంచుకుని కూర్చుంది. ఆమె కాదంటే ఆ సాయంత్రం నేను ఒట్టి చేతులతో బస్సెక్కాలి. స్వామిని తలచుకుని ఎలాగో నోరు పెగల్చుకున్నాను.

"నీకు మనసు లేకుంటే ఒద్దు చెల్లీ. ఈ పొద్దే పిల్చుకోని పో."

"ఇయ్యనని యాడ చెప్పినానక్కా? ఇంతదాకా నన్ను అడిగినోళ్లే లేరు. ఆ పొద్దు నేను పక్కనే కూచోనుంటి. నా మొగం ఒకరన్నా చూసినారా?"

"ఏమప్పా, దీనికి ఇంత నోరు యాడిది!" అంది అత్త.

"నీ దగ్గరే నేర్చుకుంటి అత్తా."

రిజిస్ట్రారమ్మ కూడా నవ్వేసింది. తోటికోడలు మాత్రం నవ్వలేదు. నా వైపే చూస్తూ, "మేడమ్ అడిగినారు సరే. నువ్వడుగు అక్కా" అంది.

లేచి కొంగు చాపాను. దేవుడి ముందు తప్ప ఎక్కడా చాపని కొంగు అది.

"నీ బిడ్డను నాకిస్తావా చెల్లీ?"

"ఇస్తా. సంతోషంగా ఇస్తాండా."

బిడ్డను ముద్దు పెట్టుకుని, తన చేతులతోనే ఎత్తి నాకిచ్చింది.

"అమ్మా, చెప్పు ఊడిపాయ!" అంది అది. ఇద్దరం ఒకేసారి వంగాం. సంతకం తోటికోడలే ముందు పెట్టింది.

బయటికి వచ్చాక బిడ్డ దించమని తన్నుకుంది. దించలేదు. కదిరి బజారు నడిమధ్యన, మిట్టమధ్యాహ్నపు ఎండలో, బిడ్డను చంకనెత్తుకుని తలెత్తి నడిచాను. స్వామికి వెయ్యి దండాలు. నా బిడ్డను నాకు వాళ్లమ్మే ఇచ్చింది.