మైనపు చక్రవర్తికి చెమట పట్టిన రోజు

థల్లూసా బతుకంతా ఈగలు తోలడంలోనే గడిచింది. ఎవరినైనా ఈగ వాలనివ్వకుండా చూసుకున్నారని మాటవరసకు అంటాం. ఆమె నిజంగానే అలా చూసుకుంది, అదీ రోమును ఏలిన మనిషిని, పందొమ్మిదేళ్ళపాటు, నిలువుకాళ్ళ మీద. భోజనాల వేళ నెమలీకల విసనకర్ర పట్టుకుని ఆయన తల వెనక నిలబడేది. పుట్టు బానిస. కూర్చోమని ఎవరూ అనలేదు, కూర్చోవచ్చని ఆమెకూ తోచలేదు.

నిలబడ్డ చోటి నుంచే ఒక ఏలుబడి మొత్తం చూసింది. ఆయన దండులోంచి పైకి వచ్చిన మనిషి. చక్రవర్తి అయ్యాక కూడా ఉప్పుచేప, పచ్చి ఉల్లిపాయ లేనిదే ముద్ద దిగేది కాదు. మొదట్లో బాగా నవ్వేవాడు. దాన్యూబు ఒడ్డున యుద్ధం చేసి వచ్చాక నవ్వు తగ్గింది. మహమ్మారి ఏడాది కొడుకులిద్దరూ పోయాక అదీ లేదు. సొంత బావమరిదిని చంపెయ్యమని చెప్పిన పూట కూడా ఉల్లిపాయ కొరుకుతూనే చెప్పాడు. మంచివాడా అని ఎవరైనా అడిగితే, "కొట్టేవాడు కాదు" అనేది థల్లూసా. బానిస నోట అంతకు మించిన మెప్పు రాదు.

చివరి వసంతంలో ఆయన మంచాన పడ్డాడు. ఒక మధ్యాహ్నం కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"ఏమే, కాళ్ళు నొప్పులా?"

"లేదు దొరా."

"అబద్ధాలాడకు. నీ మోకాళ్ళు పటపటమంటుంటే నాకు నిద్ర పట్టడం లేదు. వీలునామాలో నీ పేరు రాయించానులే. నేను పోగానే నీకు విడుదల. పోయి ఎక్కడైనా కూర్చో."

ఆ రోజు నుంచి థల్లూసా మనసు టైబర్ నది అవతలే ఉండేది. అక్కడ నూనె కొట్టు మీద అద్దెకిచ్చే చిన్న గది ఒకటుంది. పట్టపగలు ఆ గదిలో తలుపేసుకుని పడుకోవాలి. ఆమె కోరిక అంతే.

నడివేసవిలో ఆయన పోయాడు. ఆ పొద్దున కావలి దళాధిపతి వారెనుస్ గదిలోకి వచ్చి, నీళ్ళు తెమ్మని ఆమెను బయటికి పంపాడు. ఆమె తిరిగి వచ్చేసరికి ముఖం మీద దుప్పటి కప్పేసి ఉంది.

కానీ రోము ఆచారం ప్రకారం చక్రవర్తులు అంత చటుక్కున చావరు. కళేబరాన్ని గుట్టుగా దహనం చేసి, అచ్చం ఆయనలాంటి మైనపు బొమ్మను రాజభవనం వాకిట్లో పరదాలున్న దంతపు మంచం మీద పడుకోబెట్టారు. ఇక ఏడు రోజులు ఆ బొమ్మే జబ్బుమనిషి. ఒక పక్క నల్లబట్టల్లో పెద్దలు, మరో పక్క నగలు తీసేసిన ఇల్లాళ్ళు. రోజూ వైద్యుడు వచ్చి నాడి పట్టి "ఇవాళ క్షీణించారు" అనాలి, దండోరావాడు ఆ మాటే వీధికి వినిపించాలి. ఏడోనాడు పోయారంటేనే పోయినట్టు. అప్పుడే బొమ్మకు చితి, అప్పుడే వీలునామా, అప్పుడే కొత్త చక్రవర్తి.

థల్లూసా మళ్ళీ తల దగ్గరే నిలబడింది. విసురుతోంది గానీ ఒక్క ఈగా రాలేదు. బొమ్మకు పెట్టిన గడ్డం మాత్రం ఆయనదే, శవానికి గొరిగి తెచ్చి ఒక్కో వెంట్రుకా గుచ్చారు. రెండోనాడు వైద్యుడు నికెరాటస్ నాడి పట్టుకుని ఉండగా ఆమె గొణిగింది.

"మైనం క్షీణించడమేంటి వైద్యుడుగారూ, కరగాలి గానీ."

"నోరు ముయ్యవే తల్లీ, నాకు నవ్వొస్తే ఇద్దరి తలలూ ఎగురుతాయి" అన్నాడా డెబ్భై ఏళ్ళ ముసలాయన. చూపు మసకబారినా ఆయనకు వేళ్ళే కళ్ళు.

మూడోనాటికి ఆమెకు నవ్వు పోయింది. బొమ్మ గుటక వేస్తుందేమోనని తెలియకుండానే ఎదురుచూస్తోంది. దాని ముందు నుంచి నడవాలంటే భయం. ఒకసారి తన మోకాలు పటపటమంటే, "తప్పయింది దొరా" అనేసి, నాలుక కరుచుకుంది.

ఆరోనాడు ఎండ నిప్పులు చెరిగింది. వాలిన పొద్దు నేరుగా మంచం మీద పడింది. నికెరాటస్ బొమ్మ నుదుటి మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. నుదురు వెచ్చగా ఉంది, మెత్తగా ఉంది, తడిగా ఉంది. యాభై ఏళ్ళుగా జ్వరాలు చూసిన చెయ్యి అది. బుర్రకు తట్టేలోగా నోరు అనేసింది.

"చెమట పట్టింది. గండం గడిచింది. కోలుకుంటున్నారు!"

దండోరావాడికి విన్నది చెప్పడమే పని, చెప్పేశాడు. వీధిలో ఆయన పాత దండు సిపాయిలు, జుట్టు నెరిసినవాళ్ళు, డాళ్ళ మీద బాదుతూ ఆయన పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు. లోపల పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

వారెనుస్ పరుగున వచ్చి మంచం చుట్టూ పరదాలు లాగేశాడు. లోపల ముగ్గురే మిగిలారు, బొమ్మతో కలిపి నలుగురు. వేడికి పెదవులు విడిపోయి బొమ్మ నోరు తెరుచుకుంది.

"నోరు తెరిచాడు" అన్నాడు వారెనుస్. "దిండు తియ్. నొక్కు."

"మైనం దొరా."

"నొక్కమన్నానా! వీడు బతికితే నీ విడుదలా ఉండదు, నా తలా ఉండదు."

ఆమె దిండు పెట్టింది.

"అలా కాదే! ముక్కు పక్కన సందు వదిలితే పీల్చేస్తాడు. గడ్డం కింద నుంచి పైకి తొయ్యి. మోకాలు గుండె మీద పెట్టు. చేతులు రక్కుతాడు, పట్టించుకోకు. చాలాసేపు పడుతుంది."

అప్పుడు అర్థమైంది థల్లూసాకు, తనను నీళ్ళకు ఎందుకు పంపాడో. నికెరాటస్ తల దించుకున్నాడు. పరదాకు అవతల పాత సిపాయిలు అరుస్తూనే ఉన్నారు. ఒక్క కేక వేస్తే చాలు, వాళ్ళు వారెనుస్‌ను ముక్కలుగా నరికేస్తారు. కేక వేస్తే దొర బతికున్నట్టే, తాను బానిసగా మిగిలినట్టే. మోకాళ్ళు సలిపాయి. నది అవతలి గది కళ్ళ ముందు మెదిలింది.

నొక్కింది. దిండులోంచి వెచ్చటి గాలి ఆమె మణికట్టుకు తగిలింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. మూడోసారి తగల్లేదు.

దిండు ఎత్తేసరికి మంచం మీద ముఖం లేదు. దిండుకు అంటుకుని ఉంది, కళ్ళు తెరిచి. నికెరాటస్ బయటికి వెళ్ళి, ఒక రోజు ముందే, పోయారని చెప్పాడు. వీధంతా గొల్లుమంది. థల్లూసా కూడా గుండెలు బాదుకుని ఏడ్చింది, ఆ ఏడుపులో నటన లేదు.

వీలునామాలో ఆమె పేరు నిజంగానే ఉంది. నది అవతలి గదిలో పదకొండేళ్ళు బతికింది. పగలు పడుకునేది గానీ నిద్రపోయేది కాదు. పోయే ముందు కింది కొట్టులో నూనె అమ్మే లుక్రియోనాకు ఇదంతా చెప్పుకుంది.

"పిచ్చిదానా, దొరను చంపింది వారెనుస్ కదే. నువ్వు నొక్కింది మైనాన్ని" అంది లుక్రియోనా.

"వాడు చంపింది మంచాన పడ్డ మనిషిని అక్కా. నేను చంపేనాటికి ఆయన కోలుకుంటున్నాడు" అంది థల్లూసా.