అత్తయ్య ఆడుకునే కంప్యూటర్

ఇంటినుంచే ఉద్యోగం చేసే ఆ కోడలు, తాను రాసిన ప్రోగ్రాంలో లేని తప్పు ఉందనదు, ఉన్న తప్పు దాచదు. ఏదైనా మొరాయిస్తే చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ "ఎందుకమ్మా అలిగావు?" అని తెరనే అడుగుతుంది.

ఈసారి అలిగింది ఫొటోలు సర్దిపెట్టే ప్రోగ్రాం. కొత్త కంప్యూటర్లలో బుద్ధిగా నడుస్తూ, పాత ఆపరేటింగ్ సిస్టం ఉన్నవాటిలో తెరవగానే మూసుకుపోతోంది. పాత సిస్టం ఉన్నది ఆఫీసువాళ్ళు పరీక్షల కోసం ఇచ్చిన డబ్బా కంప్యూటర్లోనే. దానిమీద అత్తగారు పేకముక్కల ఆటలో ఉంది.

"అత్తయ్యా, కాసేపు లేస్తారా?"

"ఇస్పేటు రాణి దొరకనీ, లేస్తాను."

రాణి దొరికాక కోడలు కూర్చుంది. ప్రోగ్రాం పడిపోయినప్పుడల్లా అత్తగారు "పోయిందా?" అని పరామర్శించింది. చివరికి గుట్టు తెలిసింది. పాత సిస్టంలో లేని సౌకర్యమేదో అడిగి, లేదనగానే ప్రోగ్రాం కుప్పకూలుతోంది. ముందు ఉందో లేదో కనుక్కుని, లేకపోతే దాంతో పనిలేకుండా సర్దుకుపొమ్మని ఆమె నాలుగు లైన్లు రాసింది. ప్రోగ్రాం నిలబడింది.

అత్తగారికి కుర్చీ వదిలి, మేనేజరుకు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది.

"శభాష్. పాత సిస్టంలకు మనం చేసే ఆఖరు ప్రోగ్రాం ఇదే. రేపు మనిషిని పంపిస్తాను, ఆ డబ్బా ఇచ్చేయండి," అన్నాడాయన.

అత్తగారి చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. కోడలు గొంతు సవరించుకుంది.

"ఇంకో తప్పేదో ఉన్నట్టుంది సార్. కొన్నాళ్ళు ఉండనివ్వండి."

ఫోన్ పెట్టేశాక అత్తగారు తెరమీంచి చూపు తిప్పకుండానే, "ఏమిటమ్మా ఆ తప్పు?" అంది.

"ఇంకా వెతకాలి అత్తయ్యా."

"తొందరేం లేదు, నిదానంగా వెతుక్కో," అంటూ ఆవిడ కొత్త ఆట పరిచింది.