తాతగారి వరి కుచ్చు

లేదండి, మీరడిగిన వరి కుచ్చు తియ్యలేదు. ఎదురింట్లోకి కొత్తగా వచ్చారు కదా, మీకు తెలీదు. అలాగే ఉంచా. పక్కింటి తాతగారు మొన్న పొద్దున మైలవరంలో వాళ్ళమ్మాయి ఇంట్లో పోయారు. ఆ పిన్నిగారే ఫోన్ చేసి చెప్పారు. అప్పుడు నేను ఆటోనగర్లో మా షెడ్డులో లారీ డోరుకి సొట్ట తీస్తన్నా. "అలాగేనండి" అన్నా. ఫోన్ జేబులో పెట్టుకుని మళ్ళీ సుత్తి పట్టుకున్నా.

నాకు మాట్టాడ్డం సరిగ్గా రాదు. రోజంతా ఆ మోతలో ఉండి ఇంటికొచ్చేసరికి ఓపికా ఉండదు. ఏదున్నా ఫోన్లో కొడతా. ఇదీ అలాగే కొడతన్నా. బడి ఏడుతోనే ఆపేశా, తప్పులుంటే ఏమనుకోకండి.

ఆదివారం పొద్దున నేనూ, మా షెడ్డు బాషా తాతగారి పెరట్లో కూర్చునేవాళ్ళం. ఆయన పేపరు పైకి చదివేవారు. కానీ ముందు పిట్టల వార్తలు.

"ముఖ్యాంశాలు. గోరింకలు మళ్ళీ కొట్టుకున్నాయి. చిలక జాంకాయ సగం తిని సగం మనకొదిలేసింది."

"వాతావరణం ఎలా ఉంది తాతగారూ?" అనేవాడు బాషా.

"నీ మొహంలా ఉందిరా, మబ్బుగా."

ఆ తర్వాతే మనుషుల వార్తలు. అల్పపీడనం అని ఉంటే మాత్రం జోకులుండేవి కాదు. "కుప్పలింకా పొలాల్లోనే ఉన్నాయి కదరా" అని పేపరు మడిచేసేవారు.

జనవరి ఒకటిన మెసేజ్ ప్యాక్ పనిచెయ్యదు కదా, మెసేజ్‌కింతని డబ్బులు కోసేస్తారు, మేమందరం ముందురోజే విషెస్ పంపేస్తాం. ఒక సంవత్సరం చుక్కలూ గీతలతో చేసిన గులాబీ బొమ్మ మెసేజ్‌లో వస్తే అందరికీ తోసేశా, తాతగారికి కూడా. గోడ అవతల్నించే కేకేశారు.

"ఏరా, ఇది ఊరందరికీ పంపిందేనా?"

"అవునండి."

"నాకు పువ్వొద్దు. ఇవాళ నువ్వు చూసిన పిట్ట పేరు రాయి. అదైతే నువ్వు పంపినట్టు."

అప్పట్నుంచీ మా విషెస్ అవే. హ్యాపీ న్యూ ఇయర్ అండి, పికిలిపిట్ట. సేమ్ టు యూ, జెముడుకాకి. బాషాగాడు ఒకసారి కోడి అని పంపాడు. "చూశావా, తిన్నావా?" అని తిరిగొచ్చింది.

కోతలవ్వగానే ఆయన వరి కంకులు జడలా అల్లి, కుచ్చు కట్టి వసారాలో వేలాడదీసేవారు, పిచ్చుకల కోసం. ఈ ఏడు ఒంట్లో బాలేక కోతలకి ముందే మైలవరం వెళ్ళిపోయారు. తాళం నా చేతికిచ్చి, "కుచ్చు మానకురా. అలవాటు పడ్డ పిట్టలు, వచ్చి చూసుకుని పోతాయి" అన్నారు.

కట్టా. రాలేదు. రోజూ సాయంత్రం మెసేజ్ వచ్చేది, పిచ్చుకలొచ్చాయా అని. రాలేదండి అని కొట్టాలంటే చెయ్యి ఆడేది కాదు. ఓ రోజు ఏమీ పంపకపోతే ఆయనే ఫోన్ చేశారు. గొంతు బాగా నీరసంగా ఉంది.

"రాలేదన్నదీ వార్తేరా. దానికి మొహమాటమెందుకు? సరే, దేంతో కట్టావ్?"

"రాగి తీగతో అండి. షెడ్డులోది. గట్టిగా ఉంటదని."

"ఓరి నీ! ఎండకి తళతళలాడుద్ది. బెదరవూ? కొబ్బరి తాడుతో కట్టు."

పొద్దున్నే మార్చా. మార్చానండి అని పంపా. "ఇంక చూద్దాం" అని వచ్చింది. ఆయన దగ్గర్నుంచి అదే ఆఖరిది.

ఇవాళ షెడ్డుకి వెళ్ళబుద్ధి కాలేదు. తాతగారి వసారా మెట్ల మీద కూర్చున్నా. కాసేపటికి ఓ పిచ్చుక వచ్చి కొబ్బరి తాడు మీద వాలింది. అటు చూసింది, ఇటు చూసింది. కిందికి జారి ఓ గింజ లాగింది. ఊక ఊగుతా వచ్చి నా కాలి దగ్గర పడింది.

ఫోన్ తీసి కొట్టా. పిచ్చుక అండి. ఒకటే. హ్యాపీ న్యూ ఇయర్.

తాతగారు అని ఉన్న నంబరు దాకా వెళ్ళి ఆగిపోయా. ఆ ఫోన్ ఇప్పుడు పిన్నిగారి చేతిలో మోగుద్ది. పాపం ఆవిడేం చెప్తారు?

అందుకని మీకు పంపుతున్నా. రేపెలాగూ ప్యాక్ పనిచెయ్యదు. మరి మీ పెరట్లో ఇవాళ ఏం పిట్టొచ్చింది?