నూకాలమ్మ అడిగిన మాట

నిన్న జంగ్లీఘాట్‌లో బస్సెక్కాను. ముందు సీట్లో ఒకావిడ జుట్టుకి కొబ్బరినూనె దట్టంగా రాసుకుని కూర్చుంది. కిటికీలోంచి ఎండ పడి నూనె వేడెక్కుతున్నకొద్దీ ఆ వాసన నా మీదికి వచ్చింది. నూకాలమ్మ గుర్తొచ్చింది. దిగవలసిన చోటు దాటిపోయినా అలాగే కూర్చుండిపోయాను.

హాస్పిటల్లో మానసిక రోగుల వార్డు ఆయా నూకాలమ్మ. శ్రీకాకుళం వైపు నుంచి చేపలవేటకు ఈ దీవులకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. నేను మొదటిసారి ఆ వార్డులో చేరినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. హాడో రేవు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో ఉద్యోగం. ఓడ ప్రయాణికుల కోసం మైకులో చెప్పే మాటలన్నీ నా గురించేనని నమ్మాను. తిండి మానేశాను, నిద్ర పోయింది. అన్నయ్య ఆటోలో తీసుకెళ్లి చేర్చాడు. ఆ మూడు వారాల్లో నాకు స్పష్టంగా గుర్తున్నది ఒక్కటే. చిక్కులు కట్టిన నా జుట్టుకి నూకాలమ్మ నూనె రాసి, ఒక్కో పాయా విడదీస్తూ దువ్వడం. దువ్వుతున్నంతసేపూ ఆమె ఏమీ అడగలేదు.

ఇంటికొచ్చాక అమ్మ నాకొక మాట నేర్పింది. "విశాఖలో పిన్ని దగ్గరికెళ్లావు. ఎవరడిగినా అదే చెప్పు, ఇంకేం చెప్పకు, ఔర్ కుఛ్ నై." వీధిలో, ఆఫీసులో అదే చెప్పాను. పిన్ని ఎలా ఉందని ఎవరైనా ఆప్యాయంగా అడిగితే భయమేసేది. మెల్లగా అందరికీ దూరం జరిగాను. మాత్రలు వేసుకుంటే పగలంతా మగతగా ఉండేది, చేతులు వణికి అక్షరాలు వంకర్లు పోయేవి. నాలుగు నెలలకు బాగానే ఉన్నాననిపించింది. అమ్మ చూస్తుండగా మాత్ర నోట్లో వేసుకుని, పెరట్లోకి వెళ్లి ఉమ్మేసేదాన్ని. కొన్ని వారాలు హాయిగా గడిచాయి. తర్వాత మైకు మళ్లీ నా గురించి మాట్లాడడం మొదలుపెట్టింది.

రెండోసారి చేరడమే నాకు కష్టమైంది. మొదటిసారి ఏం జరుగుతోందో నాకు తెలియదు. ఈసారి మందులు పనిచేసి మనసు కాస్త తేటపడగానే సిగ్గు ముంచుకొచ్చింది. చూడడానికి వచ్చిన అన్నయ్య "ఇంకెన్నిసార్లు?" అని వెళ్లిపోయాడు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. నూకాలమ్మ వచ్చి మంచం అంచున కూర్చుంది.

"దవాయి ఎప్పుడు మానీసినావు, తల్లీ?"

నేను దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను.

"తిట్టను. ఎందుకు మానీసినావో సెప్పు, సాలు."

అంతవరకూ ఎందుకని నన్నెవరూ అడగలేదు. వణుకు, మగత, పెరడు, పిన్ని అబద్ధం, అన్నీ చెప్పేశాను. ఆమె నా తల దువ్వడానికి తెచ్చిన దువ్వెన చేతిలోకి తీసుకుంది. తర్వాత తన తమ్ముడి సంగతి చెప్పింది.

"ఆడూ ఇలాగే మానీసినాడు. మింగమని నానే కొట్టినాను. ఏటైందిరా అని అడగనేదు. ఒకనాడు ఇల్లొదిలి ఎళిపోనాడు. మరింక కనబడనేదు."

చెబుతూ నా వంక చూడలేదు. చేతిలోని దువ్వెన పళ్లను వేలితో మీటుతూ ఉండిపోయింది.

మర్నాడు డాక్టరుకు నా బదులు ఆమే చెబుతుందనుకున్నాను. "సాబ్, ఈ పాపకి మీతో బాత్ ఉందంట" అని మాత్రం అని, నా మంచం పక్కన నిలబడింది. తడబడుతూ, సగం హిందీలో, నేనే చెప్పాను. డాక్టరు విని మందు మార్చారు. వణుకు తగ్గడానికి చాలా రోజులు పట్టింది. మళ్లీ వార్డులో చేరవలసిన అవసరం మాత్రం రాలేదు.

రిటైరయ్యాక ఆమె చౌల్దారీ అనే ఊళ్లో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఒకసారి చూడడానికి వెళ్లాను. వంగ మొక్కల మధ్య కూర్చుని కలుపు తీస్తోంది. నన్ను గుర్తుపట్టి, కూతురితో "షిప్పింగ్ ఆఫీసు పాప" అంది. ఎక్కడ పరిచయమో చెప్పలేదు. మళ్లీ వస్తానన్నాను, వెళ్లలేదు. ఆమె పోయిన రెండు నెలలకు గానీ నాకు తెలియలేదు. నాకు కబురు పంపాలని ఎవరికి మాత్రం తోస్తుంది?

అమ్మ కూడా పోయింది. ఒక్కదాన్నే ఉంటున్నాను. మాత్రలు వద్దనిపించే రోజులు ఇప్పటికీ వస్తాయి. అలాంటి రోజున ఆఫీసుకు సెలవు పెడతాను. ఎందుకని అడిగితే నిజమే చెబుతాను. హాస్పిటల్‌కి వెళ్లి వరసలో కూర్చుంటాను. నా వంతు రాగానే, డాక్టరు అడిగేదాకా ఆగకుండా నేనే చెప్పడం మొదలుపెడతాను.