నల్లకోటుకు ముందు

2022 వానకాలం. నా ఆఫీసు కామారెడ్డిలో, కేసులు ఎల్లారెడ్డి కోర్టులోనూ ఉంటాయి. మా వృత్తిలో ఒక చిత్రం ఉంది. నల్లకోటు వేసుకోవాలంటే ముందు మనం తెల్లగా ఉన్నామని చూపించుకోవాలి. వకీలుగా పేరు నమోదు చేయించుకోవడాన్ని ఎన్‌రోల్‌మెంట్ అంటారు. క్రిమినల్ కేసులున్నాయా అని అందులో అడుగుతారు. నడవడిక మంచిదని ఒక సీనియర్ వకీలు క్యారెక్టర్ సర్టిఫికెట్ ఇవ్వాలి. నాకు సంతకం పెట్టినాయన మా ఆవిడను అడగలేదు కాబట్టి నేను గట్టెక్కాను.

లావణ్య గట్టు దగ్గరే ఆగిపోయింది. ఎల్లారెడ్డి పక్క పల్లె వాళ్లది. ఎల్‌ఎల్‌బీ పాసై, తండ్రి మల్లయ్యతో నా దగ్గరికి వచ్చింది. పొలం గట్టు తగాదాలో పక్క చేను నర్సయ్య కిందపడి మోచెయ్యి చీరుకుపోతే, లావణ్యతో సహా మల్లయ్య ఇంటిల్లిపాది మీదా కేసు పెట్టాడు. మా దిక్కు ఫిర్యాదులో చదువుకునే పిల్లల పేర్లు కావాలని ఇరికిస్తారు, రేపు ఉద్యోగం రాకూడదని. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

మల్లయ్య జేబులోంచి కాగితం తీశాడు. "ఆ దినం బిడ్డ హైదరాబాద్ హాస్టల్‌ల ఉన్నదని రాయించుకొచ్చిన సారూ. గిది పెడితే దీని పేరు పోతది గదా?"

"ఎందుకు పోదు మల్లన్నా!" అన్నాను హుషారుగా.

"నేను ఆడనే ఉన్న సార్," అంది లావణ్య. "నర్సయ్య కాకను తోసింది నేనే."

"నోర్ముయ్యే! వకీలు సదివి గిదేనా నేర్సుకున్నది?"

"మంచిదాన్నని సర్టిఫికెట్ కోసం దొంగ సర్టిఫికెట్ పెట్టాల్నా బాపూ?"

నిజం చెబితే శిక్ష పడొచ్చు, కోటు అందకపోవచ్చు. దాస్తే, ఎప్పుడో బయటపడి వేసుకున్న కోటు ఊడొచ్చు. ఆమె మంచిదని సంతకం పెట్టాల్సింది నేను. ఆ వారమంతా నా నిద్ర కూడా వాయిదా పడింది.

ఆదివారం ఆమె నాకు చెప్పకుండా నర్సయ్య ఇంటికి వెళ్లి, తప్పయిందని ఒప్పుకుని వచ్చింది. నేను నెత్తి పట్టుకున్నాను.

"రేపు ఆయన ఇదే మాట కోర్టుల చెప్తే?"

"చెప్పనీయండి సార్," అంది.

రాజీతో కేసులు ముగించే లోక్ అదాలత్‌కు రమ్మని నర్సయ్యకు కబురు పెట్టాను. జవాబు లేదు. అదాలత్ రోజు ఎల్లారెడ్డి కోర్టుకు వచ్చాడు గానీ, మొహం రాజీకి వచ్చినట్టు లేదు.

"ఇష్టంతోనే రాజీ పడుతున్నారా?" అని జడ్జిగారు అడిగారు.

"సారూ, గీ పిల్ల నన్ను తోసింది," అన్నాడు నర్సయ్య.

అయిపోయింది అనుకున్నాను. లావణ్య కళ్లు మూసుకుంది.

"తోసిన అని నా గడపకాడికొచ్చి ఒప్పుకున్నది. ఆ దినం నేను గూడ దాన్ని అనరాని మాటలన్న. గది నేను యాడ చెప్పలే. ఇంక కేసేంది సారూ? కొట్టెయ్యుండ్రి."

మల్లయ్య తలొంచుకుని, జేబులో ఉన్న కాగితాన్ని జేబులోనే నలిపేశాడు.

దరఖాస్తులో లావణ్య కేసు సంగతి, రాజీ సంగతి ఉన్నదున్నట్టు రాసింది. నేను సంతకం పెట్టాను. ఎన్‌రోల్‌మెంట్ వచ్చేదాకా ఫోన్ మోగితే చాలు, ఇద్దరమూ ఉలిక్కిపడేవాళ్లం. చివరికి వచ్చింది.

ఇప్పుడామె నా జూనియర్. దావా రాస్తూ క్లయింటు కన్నీళ్లలో నేను కాసిన్ని నీళ్లు కలిపితే, పక్కనుంచి మెల్లగా అడుగుతుంది: "సార్, గిది నిజంగ అయిందా?"

ఆ ముక్క కొట్టేస్తాను. నా దావాలు ఈమధ్య పొట్టిగా ఉంటున్నాయి. ఆమె నడవడికకు ఒక్కసారి సంతకం పెట్టాను. నా నడవడికను ఆమె రోజూ చూసుకుంటోంది.