ఏడు దెబ్బల మొహమాటం

మా తమ్ముడు నోట్లో నాలుక లేని మనిషి. పిలిచినవాళ్ళ వెంట వెళ్ళడమే తప్ప, రానని చెప్పడం పుట్టి బుద్ధెరిగాక వాడికి చేతకాలేదు. అలాంటివాణ్ణి మా ఆయన పట్టుకున్నారు.

మా ఆయనకు జిరాక్సు షాపుంది. సాయంత్రమైతే గిటారు. ఆయన వాయించేది రాక్ సంగీతమే, కానీ పాడేవాళ్ళుండరు, మాటలుండవు, ట్యూనుందని కూడా నేను ఒట్టేసి చెప్పలేను. ఓ చిన్న ముక్కను అయిదు దెబ్బల లెక్కలో తిప్పితిప్పి వాయిస్తారు. కారు డ్రైవింగ్ నేర్పే పొడుగాయన బేస్ గిటారు మీద ఒకే ఒక్క స్వరాన్ని నాలుగు లెక్కలో మోగిస్తాడు. డ్రమ్స్ మీద మా తమ్ముడిది ఏడు. ముగ్గురూ ఎవరి దారిన వాళ్ళు పోయి, చాలాసేపటికి ఒకచోట కలుస్తారు. ఆ చోట తమ్ముడు సింబల్ అనే ఇత్తడి పళ్ళెం నడిమి బొడిపె మీద రెండు దెబ్బలు కొడితే పాట ముగుస్తుంది. కొట్టకపోతే మళ్ళీ మొదలు. ఎవరికీ వద్దని చెప్పలేని మనిషికి ఆపే పని అప్పజెప్పారు, అదీ మా ఆయన తెలివి.

తమ్ముడి ఉద్యోగం అద్దాల షాపులో. గాజు మీద కట్టర్ ఒక్క ఊపులో నడవాలి. మధ్యలో చెయ్యి అదిరిందా, గాజు తనకిష్టమొచ్చిన చోట పగులుతుంది. ఈ మధ్య వాడి చెయ్యి అదురుతోంది. పనిలో ఉన్నా మణికట్టులో ఆ ఏడు ఆగడం లేదు. నిలువుటద్దాలు రెండు పోయాయి. షాపాయన మర్యాదగానే చెప్పాడు, ఇంకొకటి పగిలితే రావద్దని. వాడికి వచ్చిన పని అదొక్కటే, ఆ పనంటే ప్రాణం కూడా.

"మీ బావతో చెప్పు, డ్రమ్స్ మానేస్తానని," అన్నాను.

"చెప్దామనే వెళ్తానక్కా. నన్ను చూడగానే 'వచ్చావా, నువ్వు లేకపోతే ఇదంతా ఎక్కడిదిరా' అంటాడు. ఇంకేం చెప్పను?"

మా ఆయనతో వచ్చిన తంటా అదే. తిట్టే మనిషయితే ఎదురు తిరగొచ్చు. ఈయన ప్రేమగా చూస్తారు. వాళ్ళు వాయించేది మా పెరట్లో కిటికీల్లేని షెడ్డులో. చప్పుడు వీధిలోకి పోకుండా గోడలకు పాత పరుపులు కొట్టించారు, తలుపు వేస్తే గాలాడదు. నేను టీ తీసుకెళ్ళినప్పుడల్లా తమ్ముడు చెమటలు కారుతూ నాకేసి చూసేవాడు, నన్నిక్కడి నుంచి లాగెయ్ అన్నట్టు. చేతులు మాత్రం ఆగేవి కావు. నాకు వాడి మీద జాలీ కోపమూ రెండూ కలిగేవి.

"దేవుడు నీకు నోరెందుకిచ్చాడురా?" అని కసిరాను చివరికి. "ఆదివారం హాల్లో మీ ప్రోగ్రాం ఉందిగా, పాట అయిపోగానే కుండబద్దలు కొట్టినట్టు చెప్పెయ్. నీకు చేతకాకపోతే నేను చెప్తా. మొగుడితో మాట్లాడ్డానికి నాకేం భయం?"

"పాట అయిపోగానే చెప్పేస్తానక్కా."

ఆదివారం మధ్యాహ్నం ఓ చిన్న హాలు. కుర్చీలు సగం నిండాయి. ముగ్గురూ కలిసే చోటు మొదటిసారి వచ్చినప్పుడు నాకు తెలిసిపోయింది. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ విని విని ఒంటికి పట్టేసింది. తమ్ముడు కొట్టలేదు. మొదట్లోనే ముగించరు కదా అనుకున్నాను. తర్వాతా కొట్టలేదు. ఆ తర్వాతా కొట్టలేదు. జనం ఒక్కొక్కరే లేచిపోతున్నారు. పొడుగాయన వాయిస్తూనే గోడ గడియారం చూశాడు. మా ఆయన మాత్రం కళ్ళు మూసుకుని మురిసిపోతున్నారు, బావమరిదికి ఇవాళ పూనకం వచ్చిందనుకుని.

అప్పుడు అర్థమైంది. పాట అయిపోగానే చెప్తానన్నాడు కదా, అందుకని పాటను అవనివ్వడం లేదు. దేన్నుంచి తప్పించుకోవాలో దాంట్లోనే దాక్కున్నాడు వెధవ. చేతులు వణుకుతున్నాయి. తెల్లారితే ఆ చేతులతో గాజు కొయ్యాలి.

నాకు ఒళ్ళు మండింది. వేదికెక్కాను. డ్రమ్స్ పక్కనున్న కర్ర తీసుకుని, ముగ్గురూ కలిసే దాకా ఆగి, బొడిపె మీద రెండు దెబ్బలు కొట్టాను. అందరూ ఠక్కున ఆగిపోయారు.

తమ్ముడు తలెత్తాడు. చెప్పక్కా, అని ఆ చూపు. నేను మా ఆయన వైపు తిరిగి నోరు తెరిచాను.

ఆయన కళ్ళ నిండా నీళ్ళు. "సరిగ్గా అక్కడే కొట్టావు," అన్నారు. "నీకిదంతా గోలేననుకున్నాను ఇన్నాళ్ళూ. వింటున్నావా నువ్వు?"

పెళ్ళయ్యాక ఆ మనిషి నన్నలా చూడటం అదే మొదటిసారి.

"వింటున్నా," అన్నాను.

"అయితే ఇకనుంచి ముగింపు నీదే."

ఇంటికి నడుస్తుంటే తమ్ముడు పక్కకొచ్చాడు. "చెప్తానన్నావు కదక్కా," అన్నాడు మెల్లగా. నిష్ఠూరమాడినా బాగుండేది. నేను వినపడనట్టు నడిచాను.

మంగళవారం వాడు అందరికంటే ముందే షెడ్డులోకి వచ్చి కూర్చున్నాడు.

"షాపు లేదా ఇవాళ?" అడిగారు మా ఆయన.

"లేదు బావా. ఇంక వెళ్ళక్కర్లేదు. నిన్న ఇంకో అద్దం పగిలింది."

మా ఆయన వాడి భుజం మీద చెయ్యి వేశారు. "పోనీలేరా. నీకు మేమున్నాం కదా."

వెళ్ళి తలుపు వేసి వచ్చారు. సింబల్ పక్కన నా కోసం స్టూలు వేసి ఉంది.