ముందు తానే బరువు చూసుకున్న మేడం

మొన్న శనివారం పొద్దున్నే మేడం చెల్లెలు ఫోన్ చేసింది. "అక్క పోయిందమ్మా" అని, ఫోన్ పక్కింటావిడకి ఇచ్చేసింది. నిద్రలోనే పోయారట. మేడం నా పీహెచ్‌డీకి గైడ్. మీలో చాలామందికి తెలియకపోవచ్చు. నాకు మాత్రం ఢిల్లీలో తెలుగులో కేకలేసే ఒకే ఒక్క మనిషి.

మేడం పని రక్తంలోని ప్రోటీన్ల మీద. ఒంట్లో కొవ్వు పెరిగేకొద్దీ వాటిలో కొన్ని పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి. వాటిని చూసి, షుగర్ ఎవరికి రాబోతోందో ముందే చెప్పగలమా అన్నది మా ప్రశ్న. అందుకోసం ఢిల్లీ కంటోన్మెంటు నుంచి, ఆ పక్కనే ఉన్న ద్వారక కాలనీల నుంచి ఆడవాళ్ళు పరగడుపున వచ్చి రక్తం ఇచ్చేవాళ్ళు. ఇచ్చాక ఉప్మా తినందే మేడం వాళ్ళని కదలనిచ్చేవారు కాదు. ఇంట్లో తానే చేసి తెచ్చేవారు, జీడిపప్పు కాస్త ఎక్కువే వేసి.

ఒకరోజు ఒక శ్రీకాకుళం అమ్మాయి వచ్చింది. భర్త సైన్యంలో హవల్దారు. రెండో కాన్పు తర్వాత బాగా ఒళ్ళొచ్చింది. బరువు చూసే మిషన్ దగ్గర ఆగిపోయింది.

"రక్తం ఎంతైనా తీసుకోండి మేడం. ఇది మాత్రం ఎక్కను."

"ఏం?"

"ఎక్కిన చోటల్లా తిట్లే. ఇంట్లో అత్త, ఆస్పత్రిలో డాక్టరు. నేను తిండిపోతునంట."

మేడం కూడా భారీ మనిషే. చెప్పులు విడిచి ముందు తానే ఎక్కి, అంకె పైకి చదివి, "రాసుకో" అన్నారు నాతో. ఆ అమ్మాయి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది.

మేడం పక్కన కూర్చోబెట్టుకున్నారు. "కొవ్వు ఊరికే పడుండదమ్మా. తిన్నది చాలని మెదడుకి కబురు పంపే ప్రోటీన్ అందులోంచే వస్తుంది. కొందరికి కబురు వెళ్తుంది గానీ మెదడు సరిగ్గా వినిపించుకోదు. ఆకలి నిజంగానే వేస్తుంది. నువ్వు అబద్ధమాడటం లేదు."

"ఈ మాట మా అత్తకి చెప్తారా?"

"అచ్ఛా, ఫోన్ కలుపు."

ఉప్మా చల్లారిపోయేదాకా చెప్పారు.

మేం నమ్ముకున్న ప్రోటీన్ చివరికి అంతగా పనికిరాలేదు. కొద్దిమందిలో బాగానే కనిపించింది. ఎక్కువమందిలో చూస్తే, మామూలు షుగర్ పరీక్ష చెప్పేదానికన్నా కొత్తగా ఏమీ చెప్పలేదు. నేను డీలా పడిపోయాను. "లేదని తెలిసింది కదే, అదీ తెలియడమే" అన్నారు. రక్తం ఇచ్చిన ప్రతి ఒక్కరికీ తానే ఫోన్ చేసి ఆ సంగతి చెప్పారు. ఫలితాలు రాసి మనం పంపే కాగితం చాలదా అని అడిగాను. "వాళ్ళు చెయ్యి చాపారు. మనం ముఖం చాటెయ్యకూడదు" అన్నారు.

అంత్యక్రియలకి ఆ శ్రీకాకుళం అమ్మాయి వచ్చింది, అత్తగారిని వెంటబెట్టుకుని. పెద్దావిడ మేడం పాదాల దగ్గర చాలాసేపు నిలబడింది. "ఆ ఫోన్ తర్వాతే కోడలితో పాటు నేనూ పరీక్ష చేయించుకున్నాను. షుగర్ నాకుందని అప్పుడే బయటపడింది" అంది నాతో. కోడలు ఆవిడ చెయ్యి పట్టుకునే ఉంది.

నేను మేడంని ఆఖరిసారి చూసింది చలికాలంలో, ద్వారకలో వాళ్ళ మేడ మీద. ఎండలో తల ఆరబెట్టుకుంటూ నాకేదో చెబుతున్నారు. విమానమొకటి బాగా కిందుగా వచ్చింది. ఆగమన్నట్టు నాకు వేలు చూపించి, తల వెనక్కి వాల్చి దానికేసి చూశారు. తడిజుట్టు మీద ఎండ మెరుస్తోంది. విమానం దాటిపోయింది. వేలు ఇంకా అలాగే ఉంది.